అత్త మీద కోపం దుత్త మీద: అమెరికా కన్జర్వేటివ్‌లకు ఎలక్ట్రిక్ కారు ఎందుకు చేదయింది?

థామస్ మాసీ అమెరికాలోని కెంటకీ రాష్ట్రం నుంచి గెలిచిన రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు. ఎంఐటీలో ఇంజనీరింగ్ చదివారు. పొలంలో కట్టుకున్న ఆయన ఇంటికి బయటి నుంచి కరెంటు లైను లేదు. సోలార్ పలకలు కరెంటు తయారుచేస్తే, యాక్సిడెంటైన ఒక టెస్లా మోడల్ ఎస్ నుంచి ఊడదీసిన బ్యాటరీ దాన్ని దాచిపెడుతుంది. ఆయన నడిపిన టెస్లా నంబర్ ప్లేటు మీద "ఫ్రెండ్స్ ఆఫ్ కోల్", అంటే బొగ్గు మిత్రులు అని రాసి ఉండేది. ఎలక్ట్రిక్ కార్లకు ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వడాన్నీ, అవే కొనాలని ఒత్తిడి పెట్టడాన్నీ ఆయన గట్టిగా వ్యతిరేకిస్తారు.

ఇదంతా పైకి పొంతన లేనట్టు కనిపిస్తుంది కానీ నిజానికి పొంతన ఉంది. కారు నచ్చడం వేరు, కొనమని ప్రభుత్వం వెంటపడటం నచ్చకపోవడం వేరు. అమెరికాలో గత కొన్నేళ్లుగా ఈ రెండూ కలిసిపోయి, ఒకదాని మీది కోపం ఇంకోదాని మీదకు మళ్లింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

క్లుప్తంగా

ఎలక్ట్రిక్ కారు మీద కన్జర్వేటివ్‌ల అనుమానంలో ఎక్కువ భాగం నిబంధనల మీద, సబ్సిడీల మీద, ఆ కారును వాతావరణ రాజకీయంతో ముడిపెట్టడం మీద పుట్టింది. ఆ నిబంధనల్లో, సబ్సిడీల్లో ముఖ్యమైనవి 2025లో పోయాయి. ఇక మిగిలింది కారు. దాన్ని ఇంధన స్వావలంబన, పొదుపు, సొంత ఇంటి స్వేచ్ఛ, చైనాతో పోటీ అనే కన్జర్వేటివ్ కొలతలతోనే తూచినా వాదన బలంగానే నిలబడుతుంది. బరువైన ట్రెయిలర్ లాగేవాళ్లకీ, ఇంటి దగ్గర ఛార్జింగ్ లేనివాళ్లకీ మాత్రం అది అంత బలంగా ఉండదు.

కోపం ఎక్కడ మొదలైంది

2006 జనవరిలో అమెరికా చమురుకు బానిసైపోయిందని కాంగ్రెస్ ముందు ప్రసంగంలో చెప్పింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్, అదీ సొంతూరు టెక్సస్ అని చెప్పుకునే, చమురు వ్యాపారం చేసిన మనిషి. ప్లగ్‌లో పెట్టి ఛార్జ్ చేసుకునే కార్లకు మొదటిసారి పెద్ద పన్ను రాయితీ ఇచ్చిన చట్టం మీద 2008 అక్టోబరులో సంతకం చేసిందీ ఆయనే. టెన్నెసీ గవర్నరుగా ఉన్నప్పుడు నిస్సాన్ ఫ్యాక్టరీని తమ రాష్ట్రానికి రప్పించిన లామర్ అలెగ్జాండర్, తర్వాత రిపబ్లికన్ సెనేటరుగా ఎలక్ట్రిక్ కార్ల కోసం బాహాటంగా వాదించేవారు. అప్పట్లో ఈ వాదనలో ముందు వినిపించే మాట వాతావరణం కాదు, గల్ఫ్ చమురు మీద ఆధారపడకుండా ఉండటం.

తర్వాత లెక్క మారింది. 2030 నాటికి కొత్త కార్లలో సగం కాలుష్యం లేనివి కావాలని బైడెన్ 2021లో లక్ష్యం పెట్టారు. 2035 తర్వాత పెట్రోలుతో మాత్రమే నడిచే కొత్త కార్లు అమ్మకూడదని కాలిఫోర్నియా 2022లో నిబంధన తెచ్చింది. అదే ఏడాది ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం 7,500 డాలర్ల రాయితీని పొడిగించి కొత్త షరతులు పెట్టింది. దానికి కాంగ్రెస్‌లో ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడలేదు. 2024లో కేంద్ర ప్రభుత్వపు పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) వాహనాల పొగ నిబంధనలను బాగా బిగించింది. కాగితం మీద అది ఎవరినీ ఫలానా కారే కొనమనలేదు, తయారీదారుల మీదే పరిమితి పెట్టింది. కానీ వాటన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లకు "మా వాకిట్లో ఏ బండి ఉండాలో వాషింగ్టన్ నిర్ణయిస్తోంది" అనిపించింది. పట్టణానికి నలభై మైళ్ల దూరంలో ఉండి, పశువుల ట్రెయిలర్ లాగే మనిషికి అలా అనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ నిబంధనలు రాసినవాళ్లు ఆ మనిషితో ముందు మాట్లాడి ఉండాల్సింది.

2025లో బండి మళ్లీ వెనక్కి తిరిగింది. జనవరి 20న, పదవి చేపట్టిన రోజే ట్రంప్ "ఎలక్ట్రిక్ మాండేట్", అంటే ఎలక్ట్రిక్ కార్లను తప్పనిసరి చేసే నిబంధనలు తీసేస్తామని ఉత్తర్వు ఇచ్చారు. జూన్‌లో కాలిఫోర్నియా నిబంధనకు కేంద్రం ఇచ్చిన అనుమతిని రద్దు చేసే తీర్మానాల మీద సంతకం చేశారు. జులై 4న సంతకమైన చట్టం, కొత్త కారుకు 7,500 డాలర్లు, పాత కారుకు 4,000 డాలర్ల దాకా ఇచ్చే రాయితీలను సెప్టెంబరు 30తో ముగించింది. ఆఖరి నెలల్లో కొనుగోళ్లు ఎగబడి జరిగాయి, తర్వాత ఒక్కసారిగా పడిపోయాయి.

కాబట్టి ఇప్పుడు మాట్లాడుకోవడానికి మంచి సమయం. కోపానికి కారణమైన అత్త వెళ్లిపోయింది, దుత్త మాత్రం ఇంకా అక్కడే ఉంది.

చమురు సొంతమే, ధరే పరాయిది

"మన దగ్గరే కావాల్సినంత చమురు ఉంది, తవ్వుకుందాం" అనేది కన్జర్వేటివ్‌ల వాదనల్లో అన్నిటికంటే బలమైనది. అందులో నిజం ఉంది. 2018 నుంచి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ముడి చమురు తీస్తున్న దేశం అమెరికానే. 2020 నుంచి చమురు, చమురు ఉత్పత్తులు కలిపి చూస్తే దిగుమతి కంటే ఎగుమతే ఎక్కువ.

అయినా 2022 జూన్‌లో ఏమైంది? రష్యా యుక్రెయిన్ మీదకు వెళ్లిన నాలుగు నెలలకే అమెరికాలో గ్యాలన్ పెట్రోలు సగటు ధర చరిత్రలో మొదటిసారి 5 డాలర్లు దాటింది. ప్రపంచంలో అత్యధికంగా చమురు తీసే దేశం ఎక్కడో జరుగుతున్న యుద్ధానికి బంకుల దగ్గర మూల్యం చెల్లించింది. ఎందుకంటే చమురు ధర ప్రపంచ మార్కెట్లో తేలుతుంది. టెక్సస్‌లో బావి ఉన్నవాడు పక్క ఊరివాడన్న అభిమానంతో తక్కువకు అమ్మడు, అమ్మాలని చట్టమూ లేదు, స్వేచ్ఛా మార్కెట్‌ను నమ్మేవాళ్లు అలాంటి చట్టం కోరుకోరు కూడా. ఒపెక్ దేశాలు కుళాయి కాస్త బిగిస్తే టెక్సస్‌లో కూడా ధర పెరుగుతుంది. ఎంత తవ్వినా ఈ ముడి పూర్తిగా విడిపోదు.

కరెంటు సంగతి అలా కాదు. అమెరికాలో కరెంటు అక్కడి సహజవాయువు, బొగ్గు, అణుశక్తి, గాలి, ఎండ, నీళ్లతో తయారవుతుంది. ఒకటి ఖరీదైతే ఇంకోదానికి మళ్లే వీలుంది. అయోవాలో సగానికి పైగా కరెంటు గాలిమరల నుంచే వస్తోంది, గాలి కరెంటులో దేశంలో మొదటి స్థానం టెక్సస్‌ది. ఈ రెండు రాష్ట్రాలూ ఆ పని వాతావరణం పేరు చెప్పి చేయలేదు. పొలంలో గాలిమర పెట్టనిచ్చిన రైతుకు ఏటా అద్దె వస్తుంది, కరెంటు చవగ్గా వస్తుంది, అందుకని చేశాయి. "ఎలక్ట్రిక్ కారంటే బొగ్గుతో నడిచేదే కదా" అనే మాట కూడా పాతబడింది. 2005లో దేశపు కరెంటులో సగం బొగ్గుది, ఇప్పుడు ఆరో వంతు దగ్గర ఉంది. పోనీ బొగ్గుతోనే నడిచిందనుకున్నా అది కెంటకీ బొగ్గో వయోమింగ్ బొగ్గో అవుతుంది, ఒపెక్ చమురు కాదు. మాసీ నంబర్ ప్లేటుకు అర్థం అక్కడుంది.

ఇంటి గోడకున్న ప్లగ్గు

అమెరికాలో చాలా ఇళ్లలో బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ వెనక 240 వోల్టుల ప్లగ్గు ఒకటి ఉంటుంది, మామూలు ప్లగ్గుల కంటే పెద్దది. పల్లెల్లో చాలామంది షెడ్డుల్లో వెల్డింగ్ మిషన్ కోసం అలాంటిదే ఇంకోటి పెట్టించుకుంటారు. 30 ఆంపియర్ల లైను నుంచి గంటకు సుమారు 5.7 యూనిట్లు లాగొచ్చు. రాత్రి పది గంటలకు పెట్టి పొద్దున ఆరింటికి తీస్తే 45 యూనిట్లు, అంటే మామూలు కారుకు దాదాపు 150 మైళ్లు. సగటు అమెరికన్ డ్రైవరు రోజుకు నడిపేది 40 మైళ్ల లోపే. ఎలక్ట్రిక్ కార్లు నగరం వాళ్ల కోసమనే అభిప్రాయం ఇక్కడ తలకిందులవుతుంది. నగరంలో అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉండేవాడికి ప్లగ్గు దొరకదు. సొంత ఇల్లు, సొంత షెడ్డు ఉన్న పల్లెటూరివాడికి అది ముందే ఉంది, పైగా అతను తిరిగే దూరం ఎక్కువ కాబట్టి మిగిలేదీ ఎక్కువే.

ఎంత మిగులుతుంది? మామూలు ఎలక్ట్రిక్ కారు వంద మైళ్లకు 30 యూనిట్లు తింటుంది. యూనిట్ 17 సెంట్లు చొప్పున 5 డాలర్ల చిల్లర. గ్యాలన్‌కు 30 మైళ్లిచ్చే పెట్రోలు కారుకు, గ్యాలన్ 3 డాలర్లనుకుంటే, అదే దూరానికి 10 డాలర్లు. ఏడాదికి 13,500 మైళ్లు తిరిగితే తేడా 650 డాలర్ల పైన. గ్యాలన్‌కు 20 మైళ్లిచ్చే పికప్‌తో ఏడాదికి 20,000 మైళ్లు తిరిగేవాడికి ఎలక్ట్రిక్ పికప్ 50 యూనిట్లు తిన్నా 1,300 డాలర్లు మిగులుతాయి. ఇంజిన్ ఆయిల్ మార్చడం ఉండదు. మోటారే బండిని నెమ్మదింపజేస్తూ కాస్త కరెంటు వెనక్కి రాబడుతుంది కాబట్టి బ్రేకులు కూడా ఎక్కువ కాలం మన్నుతాయి.

ఈ పొదుపు వెనకున్నది సబ్సిడీ కాదు, భౌతికశాస్త్రం. పెట్రోలు ఇంజిన్లో కాలిన ఇంధనంలో పాతిక శాతం అటూ ఇటూగా చక్రాలకు చేరుతుంది, మిగతాదంతా వేడిగా గాల్లో కలుస్తుంది. బ్యాటరీలో పోసిన కరెంటులో మూడొంతులకు పైగా చక్రాలకే చేరుతుంది. వృథాను సహించని మనిషికి ఈ ఒక్క పోలిక చాలు.

ఈ లెక్క తప్పే చోట్లూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో యూనిట్ ధర దేశ సగటుకు దాదాపు రెట్టింపు. హైవే ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర ఇంటి ధరకు రెండు మూడు రెట్లు గుంజుతారు. ఇంటి దగ్గర ఛార్జింగ్ లేకుండా వాటి మీదే బతికేవాడికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

ఇంకో సంగతి ఉంది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు టెక్సస్ గ్రిడ్ కుప్పకూలి లక్షల ఇళ్లు చీకట్లో, చలిలో ఉండిపోయాయి. అప్పుడు కొందరు తమ ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్ ట్రక్కు వెనకున్న ప్లగ్గులకు వైర్లు తగిలించి హీటర్లు, ఫ్రిజ్‌లు నడుపుకున్నారు. అది చూసి, డీలర్ల దగ్గరున్న అలాంటి ట్రక్కులను అవసరమైనవాళ్లకు అరువివ్వమని ఫోర్డే కోరింది. అదే ట్రక్కులో పూర్తి ఎలక్ట్రిక్ రకమైన లైట్నింగ్‌లో పెద్ద బ్యాటరీ 131 యూనిట్లది, సగటు అమెరికన్ ఇల్లు రోజుకు వాడేది 30 యూనిట్ల లోపు. అంటే మూడు రోజులు దాటి ఇల్లు నడుస్తుంది. జనరేటర్ కొని షెడ్డులో పెట్టుకునే మనుషులకు, ప్రభుత్వం ఆదుకుంటుందని ఎదురుచూడని మనుషులకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. కానీ ఎలక్ట్రిక్ కార్ల ప్రచారంలో ధ్రువపు ఎలుగుబంట్లు కనిపించినంతగా ఈ ప్లగ్గు కనిపించలేదు. అది పెద్ద పొరపాటు.

చైనా ప్రశ్న

"చమురుకు అరబ్బుల మీద ఆధారపడటం మాని బ్యాటరీకి చైనా మీద ఆధారపడాలా?" ఈ అనుమానం పూర్తిగా న్యాయమైనది. బ్యాటరీల్లో వాడే గ్రాఫైట్ శుద్ధిలో, అరుదైన లోహాల శుద్ధిలో, చవకైన ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల తయారీలో చైనాదే పైచేయి. ఆ చేతిని వాడుకోవడం కూడా చూశాం: 2023 చివర గ్రాఫైట్ ఎగుమతుల మీద, 2025 ఏప్రిల్‌లో కొన్ని అరుదైన లోహాల మీద ఆంక్షలు పెట్టింది.

అయితే రెండు ఆధారపడటాలూ ఒకటి కావు. చమురు కాల్చేసేది, ఈ వారం పోయించుకున్నది వచ్చే వారానికి ఉండదు. సరఫరా ఆగితే రోడ్డు మీదున్న బళ్లన్నీ ఆగుతాయి. బ్యాటరీలోని లిథియం, నికెల్ ఎక్కడికీ పోవు, కారు ఉన్నన్నాళ్లూ ఉంటాయి, ఆ తర్వాత కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. నెవాడాలో రెడ్‌వుడ్ మెటీరియల్స్ చేస్తున్న పని అదే. చైనా రేపు అమ్మడం ఆపేస్తే కొత్త కార్ల తయారీ దెబ్బతింటుంది కానీ, ఉన్న కార్లు ఇంటి కరెంటుతో తిరుగుతూనే ఉంటాయి.

పోటీ నుంచి తప్పుకుంటే చైనా బలహీనపడదు. 2025లో పూర్తి ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాల్లో చైనాకు చెందిన బీవైడీ టెస్లాను దాటింది. 2024లో చైనా కార్ల మీద విధించిన 100 శాతం సుంకం అమెరికా గేటు మూసింది, కానీ బ్రెజిల్, థాయ్‌లాండ్ లాంటి దేశాల గేట్లు పూర్తిగా మూసుకోలేదు. 1970లలో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికా కార్ల కంపెనీలకు కేంద్రమైన డెట్రాయిట్ దగ్గర చిన్న కార్లు సరిగా లేవు, జపాన్ దగ్గర ఉన్నాయి. ఆ దెబ్బ నుంచి డెట్రాయిట్ పూర్తిగా కోలుకోనే లేదు. ట్రంప్ ప్రభుత్వమే 2025లో నెవాడాలోని థాకర్ పాస్ గని తవ్వుతున్న లిథియం అమెరికాస్ కంపెనీలో 5 శాతం వాటా తీసుకుంది. అర్కన్సాలో ఉప్పునీటి నుంచి లిథియం తీసేందుకు ఎక్సాన్ మొబిల్ భూములు సంపాదించింది. చమురు కంపెనీయే అటు అడుగేస్తోందంటే ఇది పర్యావరణవాదుల గొడవ మాత్రమే కాదని తెలిసిపోతోంది.

ఫ్యాక్టరీలు, పన్నులు, డీలర్లు

కొత్త బ్యాటరీ, ఎలక్ట్రిక్ కార్ల పెట్టుబడులు ఎక్కువగా వెళ్లింది రిపబ్లికన్లు గెలిచే ప్రాంతాలకే. జార్జియాలో సవానా దగ్గర హ్యుందాయ్ ఫ్యాక్టరీలో 2024లో ఉత్పత్తి మొదలైంది. రిపబ్లికన్ గవర్నర్ బ్రయన్ కెంప్ తమ రాష్ట్రాన్ని ఎలక్ట్రిక్ వాహనాల రాజధానిని చేస్తామన్నారు. కాన్సస్‌లోని డిసోటోలో పానసోనిక్ ఫ్యాక్టరీ, నార్త్ కరోలినాలోని లిబర్టీలో టయోటా బ్యాటరీ ఫ్యాక్టరీ 2025లో తెరిచారు. అన్నీ సాఫీగా లేవు, టెన్నెసీలో ఫోర్డ్ కొత్త ప్రాంగణం వాయిదాల మీద వాయిదాలు పడుతూ వచ్చింది.

రోడ్డు పన్ను విషయంలో కన్జర్వేటివ్‌ల అభ్యంతరం సరైనదే. రోడ్లకు డబ్బు ప్రధానంగా పెట్రోలు పన్ను నుంచి వస్తుంది. పెట్రోలు పోయించుకోనివాడు ఆ పన్ను కట్టడు, రోడ్డు మాత్రం వాడతాడు. వాడుకున్నవాడు కట్టాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఎంత కట్టాలి? కేంద్ర పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు, 1993 నుంచి మారలేదు. టెక్సస్ పన్ను 20 సెంట్లు. గ్యాలన్‌కు 30 మైళ్లిచ్చే కారుతో ఏడాదికి 13,500 మైళ్లు తిరిగేవాడు రెండూ కలిపి కట్టేది 173 డాలర్లు. టెక్సస్ ఎలక్ట్రిక్ కారు యజమాని నుంచి ఏటా 200 డాలర్లు వసూలు చేస్తోంది, తిరిగినా తిరగకపోయినా. ఎంత తిరిగితే అంత అనే పద్ధతైతే రెండు వైపులా న్యాయంగా ఉంటుంది.

స్వేచ్ఛా మార్కెట్ మాటకొస్తే, టెక్సస్‌లో కార్ల కంపెనీ నేరుగా కొనుగోలుదారుకు కారు అమ్మకూడదు, మధ్యలో డీలరు ఉండి తీరాలి. ఆస్టిన్‌లో తయారైన టెస్లాను ఆస్టిన్ మనిషి షోరూములో బేరమాడి కొనలేడు, ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రపు అమ్మకంలా తీసుకోవాలి. ప్రభుత్వం మార్కెట్లో వేలు పెట్టకూడదని నమ్మేవాళ్లు ముందుగా నిలదీయాల్సిన చట్టం ఇది.

ఒప్పుకోవాల్సినవి

అనుమానం ఉన్న మనిషిని ఒప్పించాలంటే అతనికి ముందే తెలిసిన లోపాన్ని దాచకూడదు. బరువైన ట్రెయిలర్ తగిలిస్తే ఎలక్ట్రిక్ పికప్ వెళ్లగలిగే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. ఛార్జర్ దగ్గర ట్రెయిలర్ విప్పి, ఛార్జ్ చేసి, మళ్లీ తగిలించాల్సిన చోట్లు ఎన్నో. వారానికి మూడుసార్లు పశువులను దూరం తోలేవాడికి ఇది పనికొచ్చే బండి కాదు, ఆ మాట సూటిగా చెప్పాలి. 2025 డిసెంబరులో ఫోర్డ్ పూర్తి బ్యాటరీ లైట్నింగ్‌ను ఆపి, కరెంటు తయారుచేసే చిన్న ఇంజిన్ కూడా ఉండే రకానికి మారుతున్నట్టు ప్రకటించడానికి గిట్టుబాటు కాకపోవడంతో పాటు ఇలాంటి అవసరాలూ కారణమే.

చలి రెండోది. గడ్డకట్టే చలిలో హీటర్ వేస్తే దూరం సగటున 41 శాతం తగ్గుతుందని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో పరీక్షించి చెప్పింది. 2024 జనవరిలో షికాగో ఛార్జర్ల దగ్గర కార్లు బారులు తీరాయి. మరి చలి దేశమైన నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. తేడా ఎక్కడంటే, అక్కడ చాలామంది ఇంటి దగ్గరే ప్లగ్గులో ఉంచి, బయల్దేరే ముందు గోడ కరెంటుతోనే బ్యాటరీని, కారు లోపలిని వెచ్చబరుస్తారు. ఆ అవకాశం లేనివాడు చలికి దొరికిపోతాడు. నార్వే పన్నుల రాయితీలు కూడా భారీగా ఇచ్చింది కాబట్టి ఆ పోలికను అమ్మకాలకు కాదు, చలికి మాత్రమే వాడటం నిజాయితీ.

ఎవరు చెబుతున్నారు, ఎలా చెబుతున్నారు

జాన్ మెకెయిన్, మిట్ రామ్నీల దగ్గర పనిచేసిన రిపబ్లికన్ వ్యూహకర్త మైక్ మర్ఫీ, డెట్రాయిట్‌లో పెరిగినవారు, కన్జర్వేటివ్‌లకు ఎలక్ట్రిక్ కార్ల గురించి చెప్పడానికి ఒక ప్రాజెక్టే నడుపుతున్నారు. వాతావరణంతో మొదలుపెట్టకూడదని ఆయన వాదన. అది సరైన దారే. వాతావరణ మార్పు అబద్ధమని కాదు. ఒక మనిషి కారు కొనడానికి ముందు తన రాజకీయాలు మార్చుకోవాలని షరతు పెడితే అతను కారూ కొనడు, రాజకీయాలూ మార్చుకోడు.

రాయితీలు పోయాక, ఎలక్ట్రిక్ కారు తన బలం మీదే నిలబడుతుందా అనే పరీక్ష కొత్త కార్ల షోరూముల్లో కంటే పాత కార్ల మార్కెట్లో ఎక్కువ జరుగుతుంది. రాయితీ ఉన్న రోజుల్లో లీజుకిచ్చిన కార్లు మూడేళ్ల గడువు తీరి తిరిగొస్తున్నాయి. ఎలక్ట్రిక్ కారు విలువ మొదటి మూడేళ్లలో పెట్రోలు కారు కంటే వేగంగా పడిపోతుంది. మొదట కొన్నవాడికి అది నష్టం, రెండోసారి కొనేవాడికి ప్రభుత్వం ప్రమేయం లేకుండా దొరికిన తగ్గింపు. బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఉంటుంది కాబట్టి మూడేళ్ల కారుకు ఇంకా ఐదేళ్లు మిగిలే ఉంటుంది. కొనే ముందు చూసుకోవాల్సినవి కొన్నే: ఇప్పుడు పూర్తి ఛార్జ్‌కు ఎన్ని మైళ్లు చూపిస్తోంది, వారంటీ కాగితంలో ఎంత శాతం సామర్థ్యం దాకా హామీ ఇచ్చారు, ఇంట్లో డ్రయ్యర్ వెనకున్న ఆ పెద్ద ప్లగ్గుకు కారు నిలిపే చోటు ఎంత దూరం.